రాణి కోరిన పచ్చిక

అనగా అనగా, మన తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, నీలాద్రిపురమనే రాజ్యం ఉండేది. దాన్ని జయకేతు మహారాజు ఏలుతుండేవాడు. ఆయన రాణి కనకాంగీదేవి అంతఃపురం ముంగిట తన చేతులతో గరిక నాటి, పచ్చిక పెంచుకుంది. ఆ పచ్చికను కనిపెట్టుకుని ఉండే తోటమాలి పేరు పోలమ్మ.

పోలమ్మకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ముప్పై ఏళ్ళుగా ఆ మట్టే ఆమె లోకం. రోజూ పొద్దున్నే రాణి వట్టి కాళ్ళతో పచ్చిక మీద నడిచేది. పోలమ్మ బిందెతో వెనకాలే నడిచేది. చీమల గురించీ మొలకల గురించీ ఇద్దరూ ఊసులాడుకునేవారు.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ఆ ఏడే రాణి మంచం పట్టింది. బిందెల నీళ్ళు ఏమూలకూ చాలక పచ్చిక ఎండి గడ్డివాము రంగుకు తిరిగింది.

వైద్యుడు రాజును పక్కకు పిలిచి, "ప్రభూ, మూడు నెలలు గడిస్తే గొప్పే," అన్నాడు.

ఆ మాట రాణికి ఎవరూ చెప్పలేదు. అయినా ఆమెకు తెలిసిపోయింది.

"నాకు మందులొద్దు, నోములొద్దు. ఇంకొక్కసారి నా పచ్చిక మీద కాళ్ళు మోపాలని ఉంది," అంది.

రాజు వెంటనే కాలువల అధికారిని పిలిపించాడు.

"అదెంత పని మహారాజా! చెరువు నుంచి కాలువ తీసి, వరిమడికి పెట్టినట్టు నిండా నీరు పెడదాం," అన్నాడు అధికారి.

పోలమ్మ చేతులు కట్టుకుని ముందుకొచ్చింది. "అయ్యా, ఎగువ సగం ఇసుక నేల, దిగువ సగం జిగురు మట్టి. ఒకే తీరున పెడితే..."

"వెయ్యి మడులు తడిపినవాణ్ణి! గడ్డి పీకేదానివి, నాకు చెప్పొచ్చావా?" అని కసిరాడు అధికారి.

పోలమ్మ తల దించుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

కాలువ వచ్చింది. ఎగువన పడిన నీరు పడినట్టే ఇంకి జారిపోయింది. దిగువన నీరు నిలిచింది, కంపు కొట్టింది, వేళ్ళు కుళ్ళాయి. నెల గడిచిపోయింది.

రెండోసారి పడమటి దేశపు వర్తకుడొకడు ఇత్తడి గొట్టాలు తెచ్చాడు. ఎద్దులు మోటతో తోడిన బావి నీరు ఎత్తైన తొట్టిలో పడి, అక్కణ్ణుంచి గొట్టాల్లోకి దూకి, ఆకాశానికి చిమ్ముతుంది.

పోలమ్మకు చూడగానే అర్థమైంది. అక్కడ పగలంతా పడమటి గాలి. ఆ తుంపర నేలకు చేరదు. చెప్పాలని నోరు తెరిచింది. కసురుడు గుర్తొచ్చి గుండె మండింది. 'అడిగితే చెబుతాను. అడగనిదే నాకేం?' అనుకుని నోరు మూసుకుంది.

గొట్టాలు చిమ్ముతుంటే కొలువంతా చప్పట్లు కొట్టింది. గాలి ఆ నీటిని గోడల మీదికి విసిరింది. నేల గోరులోతు తడిసింది. తడి కోసం పైపైకి వచ్చిన లేత వేళ్ళను మధ్యాహ్నపు ఎండ మాడ్చేసింది. చివరికి బావి అడుగంటింది. దాని పక్కనే ఉన్న కుమ్మరివీధి ఆడవాళ్ళు కోసెడు దూరం కడవలు మోశారు. రెండో నెలా గడిచిపోయింది.

అప్పుడు రాణి కిటికీ దగ్గరికి పోలమ్మను పిలిపించింది. రాజు మంచం పక్కనే కూర్చుని ఉన్నాడు.

"పోలమ్మా, అందరూ మాట్లాడారు. నువ్వెందుకు మాట్లాడవు?"

పోలమ్మకు కన్నీళ్ళు ఆగలేదు. "తల్లీ, ముందు నేలను చూడాలి. నీటి సంగతి ఆ తరవాత," అని తనకు తెలిసిందంతా చెప్పింది. రాజు ఈసారి ప్రతి మాటా శ్రద్ధగా విన్నాడు.

పోలమ్మ పచ్చికలో అక్కడక్కడా గుంటలు తవ్వింది. మట్టిని పిడికిట పట్టి పిసికింది. చెంబెడు నీళ్ళు పోసి ఎంతసేపటికి ఇంకుతాయో చూసింది. కుమ్మరులు కాల్చి ఇచ్చిన మట్టి గొట్టాలను ఇసుక నేలలో జానెడు లోతున పాతించింది. పొద్దు పొడవక ముందు చెరువు కాలువ నుంచి సన్నటి ధార వదిలితే, నీరు గొట్టాల అతుకుల్లోంచి ఊరి నేరుగా వేళ్ళకు అందేది. జిగురు నేలకు అయిదు రోజులకొక తడి ఇచ్చింది. మునుపటి నీటిలో పావు వంతే సరిపోయింది. బావి మళ్ళీ ఊరింది. కుమ్మరివీధి కడవలు నిండాయి.

కానీ గరికకు రాజాజ్ఞ తెలియదు. అది తన వేళకే మొలుస్తుంది. ఇరవయ్యో రోజుకు ఒక మూల మాత్రం సూదిమొనల్లా పచ్చదనం తొంగిచూసింది. అప్పటికి రాణి లేచి కూర్చోలేకపోతోంది.

పోలమ్మ రెండు అరచేతులంత పెళ్ళ తవ్వి, మట్టితో సహా పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళి రాణి పాదాల కింద ఉంచింది.

రాణి కళ్ళు మూసుకుంది. "చల్లగా ఉంది పోలమ్మా," అంది.

మూడో రోజు ఆమె కన్నుమూసింది.

మరో నెలకు ముంగిలంతా పచ్చగా పరుచుకుంది. దాని మీద నడిచేవాళ్ళు లేరు. రాజు పోలమ్మను పిలిచి మెడలోని హారం తీసి ఇవ్వబోయాడు.

పోలమ్మ చేయి చాచలేదు. "వద్దు ప్రభూ. గొట్టాలు తెచ్చిన రోజునే నాకు తెలుసు. అలిగి చెప్పలేదు. ఆ నెల వృథా కాకుంటే అమ్మ ఈ పచ్చిక మీద నడిచేది."

రాజు హారం పక్కన పెట్టి అంతఃపురం మెట్ల మీద కూలబడ్డాడు. తరవాత మెల్లగా అన్నాడు. "నిన్ను కసిరినప్పుడు నేనక్కడే ఉన్నాను పోలమ్మా. విన్నాను. ఒక్క మాట అడ్డం వెయ్యలేదు. పోయిన నెలలు రెండు. మొదటిది నాది."

ఆ మెట్ల మీద రాజూ తోటమాలీ చెరో పక్క కూర్చుని ఏడ్చారు.

ఆ తరవాత నీలాద్రిపురంలో ఎక్కడ కాలువ తవ్వినా, ఆ మట్టిలో పనిచేసేవాళ్ళను ముందుగా అడగాలని రాజు శాసనం వేయించాడు. పోలమ్మ బతికినంతకాలం, ఎవరు కసిరినా సరే, తెలిసిన మాట చెప్పకుండా ఊరుకోలేదు.

నేల తీరు తెలుసుకోకుండా నీరు పెట్టరాదు; తెలిసినవారిని అడగడానికి చిన్నతనం పడరాదు, తెలిసినవారు అలిగి మౌనంగా ఉండరాదు.