ఈరక్క పెట్టిన చుక్కలు

అనగా అనగా, ఏలిన రాజు పేరు జనం మరిచిపోయేంత కాలం కిందట, ఒక కొండ మీద కోట కడుతున్నారు. ఉండేది రాజు, మోసేది జనం. కూలి లేదు, అంతా వెట్టి. ఆ జనానికి ఈరక్క నీళ్లు మోసేది. సొమ్మసిల్లేలా ఉన్నవాళ్లెవరో చూసి, వాళ్లకే ముందు పోసేది.

ఒక మిట్టమధ్యాహ్నం కోటగోడ కూలింది.

ఉన్నది ఒక్క వైద్యుడు, పుల్లాచారి. సంచి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. రాగానే పనులు చేయించే పెత్తందారు చెయ్యి చాపాడు. వేలు చితికింది. దొరకు కట్టు కట్టాకే ఎవరికైనా. అది ఆనాటి రివాజు. ఆచారి కూర్చుని గుడ్డ చింపసాగాడు.

ఈరక్కకు ఒళ్లు మండింది. ఈయన ఇక్కడ కూర్చున్నంతసేపూ అక్కడ రాళ్ల మధ్య ప్రాణాలు పోతాయి.

"దొరా, తమరు నడిచొచ్చారు. నడిచేవాళ్లు ఆగొచ్చు" అంది. సున్నం తొట్టిలో వేలు ముంచి ఆయన నుదుట ఒక చుక్క పెట్టింది.

"ఎంత పొగరే నీకు."

"పొగరు సంగతి రేపు చూడండి. ఇప్పుడు వేలు గట్టిగా పట్టుకోండి, నెత్తురు ఆగుతాది. ఆచారీ సామీ, నేను చుక్కలు పెట్టుకుంటా పోతా. మూడు చుక్కలున్నోళ్ల దగ్గరికి ముందు రండి."

ఆచారి పెత్తందారును చూశాడు. రాళ్లగుట్టను చూశాడు. సంచి తీసుకుని ఈరక్క వెంట నడిచాడు.

నడుస్తావా? పలుకుతావా? ఊపిరుందా? ప్రతి మనిషి దగ్గరా ఈరక్క అడిగింది ఇంతే. నడిచేవాళ్లకు ఒక చుక్క పెట్టి, రాళ్లు తియ్యమంది. నడవలేక అరిచేవాళ్లకు రెండు. అరవను కూడా లేక, ఊపిరి మాత్రం ఉన్నవాళ్లకు మూడు. ఊపిరి లేనివాళ్ల కళ్లు మూసి, తన కళ్లు తుడుచుకుని, ముందుకు పోయింది.

ఒకచోట ఆమె మొగుడు తిమ్మడు కాలు విరిగి పడున్నాడు.

"ఈరీ, నన్ను చూడవేమే?"

"నడుస్తావా?"

"కాలు విరిగితే ఎట్ల నడుస్తానే?"

"పలుకుతున్నావు. రెండు చుక్కలు. అరుస్తానే ఉండు. అరుపు ఆగితే వస్తా."

"పెళ్లయిన కాడినించి నోరు ముయ్యమంటివి. ఈపొద్దు అరవమంటావా?" అన్నాడు తిమ్మడు, అంత నొప్పిలోనూ.

పక్కన ఒక పిల్ల అరవలేదు. మూడు చుక్కలు. ఆచారి ఆ పిల్ల నోట్లోని దుమ్ము తీశాడు. పిల్ల దగ్గింది. అప్పుడు ఆయన ఈరక్కను చూశాడు.

"పక్కటెముకల దగ్గర ఆ దెబ్బేంది తల్లీ?"

"నడుస్తున్నాను కదా సామీ" అని ఈరక్క తన నుదుట తానే ఒక చుక్క పెట్టుకుంది.

మూడు చుక్కలవాళ్లు బతికారు. రెండు చుక్కలవాళ్లూ బతికారు. పొద్దు వాలేసరికి ఈరక్క ఒక రాయికి ఆనుకుని కూర్చుంది. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఆమె నుదురు చూశారు. ఒక్క చుక్కే కదా, ఆగొచ్చు అనుకున్నారు. కాలికి కట్టు పడ్డాక తిమ్మడు పిలిచాడు. ఈరక్క పలకలేదు.

ఆచారి వచ్చి చూస్తే ఊపిరి లేదు. ఆయన ఆ చుక్క తుడిచాడు. "చుక్కనే చూస్తిమి. మనిషిని మళ్లా చూడలేదు" అన్నాడు.

ఆ రాజు పోయాడు, ఆ కోటా పోయింది. నెత్తురు అందరిదీ ఎరుపేనని చెప్పినవాళ్లు చాలామంది. చేసి చూపింది ఈరక్క.

ఇప్పటికీ ఆ కొండ కింది ఊళ్లలో బస్సు బోల్తా పడినా, బావి కూలినా, ఎవరు నువ్వు, ఎవరి కొడుకువి అని అడగరు. ఆ మూడు మాటలే అడుగుతారు. అందరినీ చూశాక ఎవరో ఒకరు, "ఈరక్కను చూశారా?" అంటారు. వెంటనే అందరూ వెనక్కి తిరిగి, నడిచొచ్చి ఓ పక్కన కూర్చున్నవాళ్లను మళ్లీ మొదటినుంచి అడుగుతారు. అలా బతికి ఇల్లు చేరినవాళ్లు, తమ ఇంట్లో ఆడపిల్ల పుడితే ఆ పేరే పెడతారు.

ఆ ఊళ్లలో ఏ వీధిలో నిలబడి "ఈరక్కా" అని పిలిచినా ముగ్గురు పలుకుతారు.