కాదనని తలపాగా

మణిదుర్గం రాజ్యాన్ని ఒకప్పుడు ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. యుద్ధమంటే ఆయనకు గిట్టదు, వేటంటే నడుంనొప్పి. శాసనాలు చెయ్యడమంటే మాత్రం ప్రాణం. పొద్దున్నే ఒక కొత్త కట్టడి, సాయంత్రానికి ఊరూరా దండోరా! చేసిన శాసనాన్ని మార్చమన్నారో, ఒంటికాలి మీద లేచేవాడు.

ఆ రాజ్యంలో నేరేడుకుంట అని ఒక ఊరు. చెరువు నీళ్లు ఎటు వదలాలో చెప్పే నీటిపెద్దను ఊరివాళ్లే చేతులెత్తి ఎన్నుకునేవారు. ఎన్నికైనవాడికి రాజు పదవికి గుర్తుగా వెండిపొన్ను వేసిన చేతికోల ఇచ్చేవాడు. సరిగ్గా నారు ఎదిగే వేళ, ఆ కోల పుచ్చుకున్న తిప్పయ కాస్తా కన్నుమూశాడు.

ఇంకొకరిని ఎన్నుకుంటామని ఊరివాళ్లు కొలువుకు వచ్చారు. రాజు మీసం దువ్వాడు.

"తిప్పయ కోల మాకు అప్పగించాడా?"

"చచ్చిపోయాడు మహాప్రభూ!"

"అడిగినదానికి జవాబు చెప్పండి. పదవి వదులుకున్నానని చెప్పి, కోల మాకు అప్పగించాలి. అంతవరకూ ఆ పదవి ఖాళీ కానట్టే. ఇది మా శాసనం. ఖాళీ లేనిచోట ఎన్నిక ఏమిటి?"

కొలువంతా "ఆహా!" అని తలూపింది. తలూపడానికే కదా వాళ్లక్కడ ఉన్నది!

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే కొమ్మన మాత్రం చుడుతున్న ఆకు పక్కన పెట్టాడు. అతని అక్క గౌరమ్మ కాపురం ఆ ఊళ్లోనే. చెరువు నీళ్లన్నీ అప్పుడు రాజుగారి విహారవనంలోని కొలనుకు పోతున్నాయి. నీటిపెద్ద చెప్పనిదే కాపలావాళ్లు కాలువ మళ్లించరు. నారుమళ్లు బీటలు వారుతున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఆ ఏడు ఊరికి గింజ ఉండదు.

కొమ్మన చేతులు జోడించాడు. "ఏం శాసనం ప్రభూ! అయితే తిప్పయ ఇంకా నీటిపెద్దేనన్నమాట?"

"సందేహమా?"

"అధికారం ఏమీ తగ్గలేదు కదా?"

"వీసమెత్తు తగ్గలేదు. అలాగని దండోరా వేయించండి!" అన్నాడు రాజు, ఉబ్బిపోయి.

ఆ సాయంత్రం కొమ్మన అక్క ఇంటికి వెళితే ఆమె గుమ్మంలోనే నిలదీసింది. "కొలువులో నీ నోరు పడిపోయిందట్రా? పిల్లలకు మట్టి పెట్టమంటావా? ఆ రాజు పక్కన నిలబడి ఆహా ఓహో అంటావా!"

"అరవకే అక్కా. ఊరిపెద్దలు ఏదీ తేల్చకుండా నాన్చుతున్నారని నిరుడు మా రాజుగారే ఇంకో శాసనం చేశారు, గుర్తుందా? సభలో అడిగినదాన్ని పెద్ద అక్కడికక్కడే కాదనకపోతే, సరేనన్నట్టే లెక్క."

"అయితే?"

"అయితే వెళ్లి తిప్పయ మామను అడగండి."

గౌరమ్మకు విషయం అందింది. కొంగు అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వింది.

మర్నాడు చావడిలో పీట వేసి, దాని మీద తిప్పయ తలపాగా, కోల పెట్టారు. ఊరంతా చుట్టూ కూర్చుంది. "తిప్పయ మామా, రాజుగారి కొలనుకు పోయే నీళ్లు మన నారుమళ్లకు మళ్లించమంటావా?" అని గౌరమ్మ అడిగింది. తలపాగా కాదనలేదు. కాపలావాళ్లు దండోరా విన్నవాళ్లే. కిక్కురుమనకుండా కాలువ మళ్లించారు.

కొద్దిరోజులకు రాజు జలవిహారానికి బయలుదేరితే పడవ బురదలో కూరుకుపోయింది. కిరీటం తామరాకుల్లో దొరికింది. ప్రభువులవారు బోయీల భుజాలెక్కి ఒడ్డున పడ్డారు, అక్కణ్ణించి తిన్నగా కొలువుకు వచ్చి ఊరివాళ్లను పిలిపించారు.

"ఎవడు మళ్లించాడు మా నీళ్లు?"

"మా నీటిపెద్ద తిప్పయ, మహారాజా," అంది గౌరమ్మ. ఆమె చేతుల్లో పళ్లెం, పళ్లెంలో తలపాగా, కోల ఉన్నాయి.

"వాడు చచ్చాడు కదే! చచ్చినవాడు నీళ్లెలా మళ్లిస్తాడు?"

కొలువులో ఈసారి ఒక్కరూ తలూపలేదు. రాజుకు తనన్న మాట తనకే వినిపించింది.

కొమ్మన ముందుకు వచ్చాడు. "తిప్పయ చచ్చాడని ప్రభువులే సెలవిచ్చారు. అలాగైతే పదవి ఖాళీ. కాదు, ఇంకా పదవిలోనే ఉన్నాడంటారా, దానికీ సిద్ధమే. 'పదవి వదులుకుంటావా మామా, కోల రాజుగారికి అప్పగించమంటావా' అని నిన్న చావడిలో ఊరివాళ్లు అడిగారు. కాదనలేదు. ఇదుగో కోల. శాసనాలు రెండూ తమవే. ఏది మార్చమంటారు?"

రాజు కళ్లెర్రజేసి మీసం మీద చెయ్యి వేశాడు. మీసానికి ఇంకా బురద అంటుకుని ఉంది. వేళ్లకంటిన ఆ బురదను చూసుకుని, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"పొండి, ఎన్నుకోండి! ఓరి కొమ్మనా, నా కొలనునే ఎండగట్టావు కదరా! ఆ నీటిపెద్ద పదవి నీకే ఇచ్చాను, తీసుకో."

"అది ఏలినవారు ఇచ్చేది కాదు ప్రభూ. ఊరు చేతులెత్తితే వచ్చేది."

రాజు ఇంకా నవ్వి, తన పచ్చలహారం తీసి అతని మెడలో వేశాడు.

ఊరు గౌరమ్మకు చేతులెత్తింది. ఆమె కోల పుచ్చుకోవడానికి వచ్చిన రోజున కొమ్మన రాజుగారికి ఎన్నడూ లేనంత పెద్ద తాంబూలం చుట్టి అందించాడు. కోల చేతిలో పడగానే గౌరమ్మ, "మా నాట్లు పూర్తయ్యాకే తమ కొలనుకు నీళ్లు వదులుతాను మహారాజా, సమ్మతమేనా?" అని అడిగింది.

రాజు బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. ఆమె వైపు చూశాడు, కొమ్మన వైపు గుడ్లురిమి చూశాడు. మాట్లాడటానికి నోరు ఖాళీ లేదు. 

"ప్రభువులు కాదనలేదు," అన్నాడు కొమ్మన.

రాజుకు ఇక నవ్వు ఆగలేదు. తాంబూలమంతా పట్టుబట్టల మీద పడింది.