పన్నెండు కుళాయిలు

దర్గా షెడ్డులో పన్నెండు బ్యాటరీ ఆటోలు. డ్రైవర్లంతా అక్కడి గురువు కరీముల్లా షా బాబా శిష్యులే. ఎక్కడ తిరిగినా పొద్దుగూకే నమాజు వేళకు షెడ్డుకొచ్చి, బండికి ఛార్జింగు పెట్టి, కాళ్ళూ చేతులూ మొహమూ కడుక్కుని వజూ చేసుకుని నమాజులో నిలబడతారు. భక్తికి వంక లేదు. కానీ పన్నెండు ప్లగ్గులూ ఒకేసారి పడేసరికి వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయేది. ఆ వారంలో మూడుసార్లు ఊరివాళ్ళు చీకట్లో తిట్టుకుంటూ అన్నాలు తిన్నారు. ఇంకొక్కసారి పోతే షెడ్డు వైరు పీకేస్తానని లైన్‌మన్ చెప్పి వెళ్ళాడు. వైరు పోతే పన్నెండు కుటుంబాల పొయ్యి ఆరినట్టే.

ఆ కనెక్షన్ కోసం ఆరు నెలలు కరెంటాఫీసు చుట్టూ తిరిగిన డ్రైవరు దస్తగిరి. అతనే ఎవరి బండికి ఎప్పుడు ఛార్జింగో వరుస రాసి స్తంభానికి అంటించాడు. మొదటి పేరు తనదే. రెండో రోజుకే ఆ కాగితంలో ఎవరో బొరుగులు పొట్లం కట్టుకున్నారు.

ఉక్రోషంతో బాబా దగ్గరికి వచ్చాడు.

"నా మాట వినరు బాబా. మీరన్నా గట్టిగా ఒక మాట చెప్పండి."

"వజూకు వేళయింది, పోదాం పా" అన్నాడు బాబా.

షెడ్డు పక్కనే నీళ్ళ తొట్టి, దాన్నుంచి ఒకటే పైపు, దాని మొదట్లో బాబా కుళాయి, ఆ తర్వాత పైపు పొడవునా డ్రైవర్లకు పన్నెండు కుళాయిలు. బాబా పక్కది దస్తగిరిది. ఏళ్ళ తరబడి అదే చోటు. ఆ రోజు బాబా అతన్ని చిట్టచివరి కుళాయి దగ్గర కూర్చోమన్నాడు. అందరూ తిప్పారు. దస్తగిరి కుళాయిలో దారమంత నీళ్ళు వచ్చి ఆగిపోయాయి. వేళ్ళు కూడా సరిగా తడవలేదు. రోజూ ఇక్కడ కూర్చునే గఫూరు ఏనాడూ ఒక్క మాట అనలేదే అనుకున్నాడు, సిగ్గేసింది.

అటు చూస్తే, చేతులు మాత్రమే కడుక్కున్న బాబా తన కుళాయి కట్టేసి ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి పక్కవాడూ కట్టేశాడు. ఆ పక్కవాడూ అంతే. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. దస్తగిరి దోసిట్లోకి నీళ్ళు దబదబా దూకాయి.

ఆ నీళ్ళు అలాగే వదిలేసి, కుళాయి కట్టేసి, లేచి షెడ్డులోకి పరుగెత్తాడు. తన బండి ప్లగ్గు పీకేశాడు.

వెనకే వచ్చిన గఫూరు ఏమైందని అడిగాడు.

"మీరు కానీండి. నాది అన్నం తిన్నాక పెట్టుకుంటాలే."

గఫూరు తనకు పొద్దున పదిదాకా బేరాలు లేవని చెప్పి తన ప్లగ్గూ తీసేశాడు. ఇంకొకడు తన బండికి సగం ఛార్జింగు ఉందన్నాడు. చూస్తుండగా ఏడెనిమిది వైర్లు మేకులకు వేలాడాయి.

దస్తగిరి కుళాయిల దగ్గరికి తిరిగొచ్చాడు. ఈ వేళకు ఎర్రబడి ఆరిపోయే అక్కడి బల్బు తెల్లగా నిలకడగా వెలుగుతోంది. వారం రోజులుగా గుండెల మీదున్న బరువు దిగిపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబా ఇంకా అక్కడే ఉన్నాడు.

"వాళ్ళంతట వాళ్ళే తీసేశారు బాబా. నేనేం చెప్పలేదు."

బాబా అతని పొడి మొహంకేసి చూసి, కట్టేసి ఉంచిన తన కుళాయి తిప్పాడు.

"నువ్వింకా మొహం కడుక్కోలేదు. రా, నీళ్ళు బాగా వస్తాండాయి."