కాగితపు ఓడదొంగ

సముద్రంలో ఏరు కలిసే చోట ఒక మడ అడవి. అక్కడి జంతువులకు కాగితం దొరికితే పండగే. చేపలరేవు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిన పోస్టర్లూ, క్యాలెండరు కాగితాలూ ఏరుకుని మడతలు పెట్టి బొమ్మలు చేసేవి. ఏడాదికోసారి సరదాగా పోటీ కూడా పెట్టుకునేవి. ఒకటే కాగితం వాడాలి. చింపకూడదు, జిగురు అంటించకూడదు.

ఆ ఏడు పోటీకి పెద్దగా కూర్చున్నవాడు సంచయ్య అనే గూడబాతు. "ఈసారి ఓడదొంగల బొమ్మలు చెయ్యండర్రా. అందరిలోకీ బాగున్నదాన్ని పాత లైట్‌హౌసు కిటికీలో పెడదాం. వచ్చేపోయేవాళ్లంతా చూస్తారు" అన్నాడు.

జంబయ్య అనే నక్కకు ఆ కిటికీ మీద మనసు పడింది. మాటలు మడతపెట్టడంలో అతన్ని మించినవాడు లేడు గానీ, కాగితం దగ్గరకొచ్చేసరికి కాళ్లు తడబడేవి. ఓడదొంగ టోపీ చేద్దామని కూర్చుంటే పకోడీల పొట్లం వచ్చింది. రెండోసారి పొట్లం కూడా రాలేదు.

ఇతరులేం చేస్తున్నారో చూద్దామని బయల్దేరాడు. కొంగ వంకీ కత్తి చేస్తోంది. కోతి నిధిపెట్టె చేస్తోంది. జంబయ్య మూతి విరిచి ముందుకు నడిచాడు. మడచెట్టు వేళ్ల మధ్య డెక్కమ్మ అనే పీత కనిపించింది. అక్కడ అతని కాళ్లు ఆగిపోయాయి.

డెక్కమ్మకు ఒక డెక్క విరిగిపోయి మళ్లీ మొలిచింది. అందుకే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్ద డెక్కతో కాగితాన్ని అదిమిపట్టి, చిన్నదాంతో అంచులు తిప్పుతోంది. నీలిరంగు క్యాలెండరు కాగితం ఓడగా మారి నిలబడింది. గాలికి పొంగిన తెరచాపలు, బారుగా ఫిరంగులు, పైన జెండా. అంత పదునైన డెక్కలు ఒక్కచోటైనా కాగితాన్ని చింపలేదు!

"చెల్లెమ్మా, ఇది చేశావా, కన్నావా?" అన్నాడు జంబయ్య. ఆ మాట మటుకు అతను మనసారా అన్నదే.

డెక్కమ్మ మురిసిపోయింది. "ఒళ్లు ఆరిపోతోందన్నా. ఒక్క మునక వేసొస్తా. గాలికి పోకుండా కాస్త చూస్తుంటావా?"

"దానికేం, వెళ్లిరా."

ఆమె నీళ్లలోకి దిగిందో లేదో, జంబయ్య ఓడను నోట కరుచుకుని పోటీ దగ్గరికి పరుగుతీశాడు.

ఓడను చూసి అందరూ చుట్టూ మూగారు. "జంబయ్యా, నీలో ఇంత పనితనం ఉందా!" అన్నాడు సంచయ్య. జంబయ్య తల ఎగరేశాడు. కానీ పొగడ్త గొంతు దిగలేదు. చేపముల్లులా అక్కడే గుచ్చుకుంది.

ఇంతలో డెక్కమ్మ వచ్చింది. ఓడను చూసింది, జంబయ్యను చూసింది. అయినా అరవలేదు.

"ఎంత బాగా చేశావన్నా! మరి నాయకుణ్ణి లేపలేదేం?"

"ఏ నాయకుడు?"

"ఓడ కడుపులో దాచావుగా, ఆ దొంగల నాయకుణ్ణి."

జంబయ్య ఓడలోకి తొంగిచూశాడు. "ఆ... వాడా? నిద్రపోతున్నాడు."

"లేపు మరి, మేమూ చూస్తాం" అన్నాయి జంతువులు.

తప్పేది లేక జంబయ్య తెరచాప పట్టి లాగాడు. జెండా పోయింది, ఫిరంగులు పోయాయి, చివరికి మడతల గీతలున్న క్యాలెండరు కాగితం ఇసుక మీద పరుచుకుంది. మళ్లీ మడవబోయాడు. పొట్లం వచ్చింది.

"ఇలా ఇవ్వన్నా" అంటూ డెక్కమ్మ ముందుకు జరిగింది. పెద్ద డెక్క అదిమింది, చిన్న డెక్క తిప్పింది. అందరూ చూస్తుండగానే ఓడ లేచింది. ఆమె వెనకవైపు చిన్నగా నొక్కింది. ఓడ మధ్యలోంచి ఒంటికన్ను నాయకుడు, నడుముకి చేతులు పెట్టుకుని, టక్కున నిలబడ్డాడు!

అడవంతా కేరింతలు. తాను పట్టుబడ్డ సంగతే మరిచిపోయి, అందరికన్నా గట్టిగా ఊళవేసింది జంబయ్యే.

సంచయ్య అతని వైపు తిరిగాడు. "ఓడదొంగ బొమ్మను చేసుకురమ్మన్నాను గానీ, నిన్నే ఓడదొంగవై రమ్మన్నానట్రా?"

నవ్వులతో ఏటిగట్టు దద్దరిల్లింది. డెక్కమ్మ ఓడ కిటికీకెక్కింది.

అందరూ వెళ్లిపోయాక జంబయ్య తలొంచుకుని ఆమె దగ్గరికొచ్చాడు. "నమ్మి అప్పజెప్తే ఎత్తుకుపోయాను. తప్పయిపోయింది చెల్లెమ్మా. కానీ ఆ నాయకుడు లేచే మడత... ఒక్కసారి చూపిస్తావా?"

డెక్కమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "చూపిస్తా. ముందు పోయి నీ కాగితం నువ్వు తెచ్చుకో."

చేసిన వస్తువును ఎత్తుకుపోగలం గానీ, దాన్ని చేసిన చేతి నేర్పును ఎత్తుకుపోలేం.