సీసపు అక్షరాలు వెలసిన హెల్మెరోగ్ ద్వీపం

ఉత్తర సముద్రంలో, డచ్చివారి తీరానికి పడవలో మూడు గంటల దూరాన హెల్మెరోగ్ ద్వీపం ఉన్నది. రేవు దిగి ఇసుక తిన్నెల వెంట నడిస్తే ఎర్ర ఇటుకల అచ్చుకూటం కనిపిస్తుంది. నూట నలభై ఏళ్లుగా ప్రతి శనివారం ఇక్కడినుంచి ‘హెల్మెరోగ్ కురాంట్’ వెలువడుతున్నది. కురాంట్ అంటే డచ్చి భాషలో వార్తాపత్రిక. మూడు వందల గడపైనా లేని దీవికి సొంత పత్రిక ఉండటం ఇక్కడివారు చెప్పుకొని మురిసే సంగతి.

పూర్వం ఇక్కడ ఫ్రౌకె అనే గొర్రెల కాపరి ఉండేది. ఒక తుఫాను పదకొండుమంది జాలరులను పొట్టన పెట్టుకున్నది. వారిలో ఆమె భర్త వీబె ఒకడు. మూడు వారాల తరువాత అవతలి తీరం నుంచి వచ్చిన పత్రికలో, దీవికి చెందిన కొందరు జాలరులు మునిగిపోయారని ఒక్క వాక్యం ఉన్నది. ‘కొందరు’ అనే మాట ఫ్రౌకె గుండెలో ముల్లులా దిగింది.

ఆ చలికాలం చివర, తప్పిపోయిన గొర్రెను వెతుకుతూ పోయిన ఆమెకు ఇసుకలో సగం కూరుకుపోయిన చెక్కపెట్టె కనిపించింది. ఏ ఓడ పగిలి కొట్టుకువచ్చిందో ఎవరికీ తెలియదు. మూత తీస్తే లోపల అచ్చువేసే సీసపు అక్షరాలు. జాలరుల పెద్ద డౌవె వాటిని కరిగించి వలలకు గుండ్లు పోయించాలన్నాడు. తుఫానులో వలలన్నీ పోయినవి, వేట సాగకపోతే దీవి పస్తులుండాలి. ఆయన అడిగినది న్యాయమే గనుక ఫ్రౌకె కాదనలేదు. పది రోజుల గడువు మాత్రం కోరింది.

ముసలి బడిపంతులు హారింగ్ అక్షరాలు పేర్చడానికి కూర్చున్నాడు. జున్ను నొక్కే మరనే అచ్చుయంత్రంగా వాడారు. మసిలో అవిసె నూనె కలిపి సిరా చేశారు. చిక్కల్లా ‘ఎ’ అక్షరంతో వచ్చింది. అది లేనిదే డచ్చి వాక్యం నడవదు, పెట్టెలో ఉన్నవి ఇరవై మూడే. అందువల్ల రెండేసి పంక్తులు పేర్చి, అన్ని కాగితాల మీద నొక్కి, ఊడదీసి, తరువాతి పంక్తులకు మళ్లీ పేర్చారు. తొమ్మిదోనాటికి అరవై కాగితాలు సిద్ధమైనవి. వాటిలో ఉన్నవి పదకొండు పేర్లు, ఎవరి కొడుకు, ఎన్నేళ్లవాడు, ఏ పడవ అన్న వివరం, అంతే.

పదోనాడు డౌవె సీసం కోసం గంపతో వచ్చాడు. ఆయన కొడుకులిద్దరూ ఆ తుఫానులోనే పోయినవారు. ఆయనకు చదువు రాదు. ఫ్రౌకె పేర్లున్న కాగితం ఒకటి ఆయన ముందు పరచింది.

“నా పెద్దవాడు ఎక్కడున్నాడమ్మా?” అని అడిగాడు.

ఫ్రౌకె ఆయన వేలు పట్టుకొని ఆ పేరు మీద పెట్టింది. తరువాత చిన్నవాడి పేరు మీద పెట్టింది. డౌవె చాలాసేపు వేలు తీయలేదు.

“వలలకు రాళ్లు కట్టుకుంటాం. వీటిని కరిగించవద్దు” అన్నాడు.

ఆ ఏటి వేట రాళ్లు కట్టిన వలలతోనే సాగింది. ఆ పేర్ల కాగితమే కురాంట్ తొలి సంచిక అయింది. ఫ్రౌకె ముప్పై ఒక్క ఏళ్లు పత్రిక నడిపింది. తరువాత ఒక యుద్ధకాలంలో దీవిని పట్టుకున్న సైన్యం పత్రికను తమ భాషలో వేయమన్నప్పుడు, దీవివారు చేత్తో ప్రతులు రాసి ఇంటింటికీ పంచారు గాని తమ భాషను విడువలేదు.

నేటికీ దీవిలో బిడ్డ పుడితే నెల తిరిగేలోగా తల్లిగాని తండ్రిగాని అచ్చుకూటానికి వచ్చి, బిడ్డ పేరును తమ చేత్తో అక్షరమక్షరం పేరుస్తారు. శనివారం ఉదయం వచ్చే యాత్రికులకూ తమవారి పేరు పేర్చే ఈ భాగ్యం ఉన్నది. అలా పేరు పేర్చినవారి ఆత్మీయులు ఏ సముద్రం మీద ఉన్నా క్షేమంగా ఇల్లు చేరుతారని ఇక్కడి పెద్దలు దీవిస్తారు.