పక్క విస్తరి

కొండలకీ ఏటికీ నడుమ మందారగిరి అని ఒక రాజ్యం ఉండేది. రాజకుమారులు, మంత్రుల బిడ్డలు చదివే పెద్ద విద్యాపీఠం అక్కడుంది. నలభై ఏళ్లుగా వాళ్లకు వండి వడ్డిస్తున్నవాడు పేరంభట్లు. అక్షరం ముక్క రాదు గాని, ఏ ఏడు ఎవరి పక్కన ఎవరు కూర్చుని తిన్నారో తడుముకోకుండా చెప్పేవాడు. తన వంటకు వంక పెట్టినవాణ్ణి చచ్చినా మరిచిపోడు.

ఒకనాడు పీఠాధిపతి చతుర్ముఖశాస్త్రి సభలో విన్నవించాడు. "ప్రభూ! పంక్తిభోజనాల్లో పిల్లలు కబుర్లతో పొద్దుపుచ్చుతున్నారు. భోజనశాల మూసి, ఎవరి గదికి వాళ్ల అన్నం పంపిద్దాం."

రాజు కందర్పరాయలు మీసం దువ్వాడు. "భేష్! నేనూ అక్కడే చదివాను. నా ప్రజ్ఞ పుస్తకాల వల్ల వచ్చింది, పక్కవాడి వల్ల కాదు."

సభలో ఓ మూల నిలబడ్డ పేరంభట్లుకు ఒళ్లు మండింది. "ప్రభూ, పొరుగు రాజు మాధవమల్లుడు మన కాలువకు అడ్డుకట్ట వేసి రెండు నెలలైంది. శాస్త్రిగారి నూరు పద్యాల లేఖ విప్పకుండానే తిరిగొచ్చింది. నా పంక్తితో నీళ్లు తెస్తాను. తెస్తే శాల ఉంచండి."

"మూడు రోజులు గడువు. తేలేకపోతే శాలతోపాటు నువ్వూ పోవాలి."

"చిత్తం. మూడోనాడు మధ్యాహ్నం కాలువగట్టున ప్రభువులు నా చేతి భోజనం చేస్తే చాలు."

ఆ రోజు రాయలు గట్టుమీద పీటపై కూర్చున్నాడు. పక్కన ఇంకో పీట, ఇంకో విస్తరి. గుత్తివంకాయ వాసన గుప్పుమంటోంది.

"వడ్డించవేమయ్యా?"

"పక్క విస్తరి మనిషి రాలేదు ప్రభూ. ఆయన వచ్చేదాకా వడ్డన లేదు, కూర్చున్నవారు లేవకూడదు. మన పీఠం నియమమే కదా!"

"ఎవడా మనిషి?"

"ఆరేళ్లు మీ పక్కన కూర్చుని, మీ కాకరకాయ తాను తిని, తన బూరె మీకిచ్చినవారు. పట్టాభిషేకానికి మీరు పిలవని మాధవమల్లుడు."

రాయలు లేవబోయాడు. పరివారమంతా చూస్తోంది. మళ్లీ చతికిలబడ్డాడు.

పొద్దున్నే అవతలి కోటకు పేరంభట్లు కబురు పంపి ఉన్నాడు: "మా రాజు విస్తరి ముందు కూర్చుంటాడు. తమరు వస్తేగాని ముద్ద ఎత్తడు." పంతం పట్టిన మనిషి సంగతి అతనికి బాగా తెలుసు. లేఖకు లొంగడు, పస్తుకు లొంగుతాడు. అయినా పొద్దు వాలుతుంటే మాటిమాటికీ అవతలి దారికేసి చూశాడు. నలభై ఏళ్ల పొయ్యి ఆరిపోతుందా?

అంతలో గుర్రం డెక్కల చప్పుడు. మాధవమల్లుడు దిగి తిన్నగా వచ్చి పీటమీద కూర్చున్నాడు.

"ఇంకా తినలేదట్రా కందర్పా?"

"నువ్వు రాందే ఈ భట్టు పెడితేగా!" అన్నాడు రాయలు. తరవాత తలొంచుకుని, "నిన్ను పిలవకపోవడం నా తప్పేరా" అన్నాడు.

మజ్జిగ పోసేవేళకు మాధవమల్లుడి ఆజ్ఞతో అడ్డుకట్ట తెగింది. కాలువ నిండుగా పారింది.

శాస్త్రి మూతి ముడిచాడు. "ఇది విద్య కాదు ప్రభూ, వంటవాడి టక్కు."

"నిజమేనండీ," అన్నాడు పేరంభట్లు. "తమకు నూరు పద్యాలు చాలలేదు. నాకు ఒక్క విస్తరితో సరిపోయింది."

రాయలు పకపకా నవ్వి తన చేతి కడియం తీసి పేరంభట్లుకు తొడిగాడు. "శాల ఉంటుంది. ఇంకేం కావాలో అడుగు."

"రేపటినుంచి శాస్త్రిగారూ పంక్తిలోనే భోంచేయాలి."

"ఎవరి పక్కన?"

"ఎవరైనా ఒప్పుకోగానే విన్నవించుకుంటాను ప్రభూ!"

ఇద్దరు రాజులకూ నవ్వుతో పొలమారింది.