కుడిపక్క ఆసనం

పూర్వం ఒక రాజుగారి సభకు ఏర్పాట్లన్నీ ఓబన్న చూసేవాడు. రాజుగారి కుడిపక్క ఆసనం కోసం మంత్రీ సేనాపతీ ఎప్పుడూ కీచులాడుకునేవారు. "ఈసారి గొడవైతే నీ ఉద్యోగం ఊడినట్టే!" అన్నారు రాజుగారు ఓబన్నతో.

సభరోజు ఇద్దరూ మళ్లీ తగువుకు దిగారు. ఓబన్న చేతులు కట్టుకుని, "అయ్యా, కొత్త కోటగోడ ఒక్క వానకే ఎందుకు కూలిందో తేల్చడానికే ఈ సభ. కుడిపక్క కూర్చున్నవారినే ప్రభువులు ముందుగా అడుగుతారు," అన్నాడు.

గోడకు రాళ్లు తెప్పించింది మంత్రి, దగ్గరుండి కట్టించింది సేనాపతి.

"తమరు పెద్దలు, కూర్చోండి," అన్నాడు మంత్రి.

"అబ్బే, మీ ముందు నేనెంత!" అన్నాడు సేనాపతి.

రాజుగారు వచ్చేసరికి ఆసనం ఖాళీ. "ఏమిటోయ్ ఇది?"

"మర్యాదలు ప్రభూ, ఇంకా తెమల్లేదు," అన్నాడు ఓబన్న.

రాజుగారు పకపకా నవ్వి, "నీ ఉద్యోగం భద్రం. గోడ సంగతి ఇద్దరినీ కలిపే అడుగుతాను," అన్నారు.